ఎనభై ఐదో నోరు

ఎనభై నలుగురు పిల్లలని మొదటి రోజే చెప్పారు నాకు. ఎనభై నాలుగు గొంతులు, ఎనభై నాలుగు పలువరుసలు, ఏడాది పాటు. దానికి తగ్గట్టే అరల మీద చీటీలు అంటించుకున్నాను. అందుకే రెండో నెలలో ఎనభై ఐదో నంబరు గొట్టం నా బల్ల మీదికి వచ్చినప్పుడు నాకు ముందుగా వచ్చింది కోపం. భయం తర్వాత వచ్చింది.

నేను ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాను. పిల్లల గొంతుల్లో ఏం పెరుగుతోందో చూసి చెప్పడం పందొమ్మిదేళ్ళుగా నా ఉద్యోగం. మా పిల్లల డాక్టరమ్మకు ఒక అనుమానం ఉంది. పిప్పిపళ్ళున్న పిల్లలకే గొంతు జబ్బులు మాటిమాటికీ వస్తున్నాయా? పళ్ళు బాగుచేసి, బ్రష్షులు మార్పించి, తోమడం నేర్పిస్తే అవి తగ్గుతాయా? ఆ సంగతి తేల్చడానికే ఈ పరిశోధన. ఒక బడిని ఎంచుకుని, నెలకోసారి ఆవిడే వెళ్ళి, ఒక్కొక్క పిల్ల నోరు తెరిపించి, గొంతు వెనక దూదిపుల్ల తిప్పి, గొట్టంలో పెట్టి మూత బిగించి నాకు పంపుతుంది. మొదట్లో ఒకసారి అందరి పళ్ళకూ అచ్చులు తీశారు. వాటిలో ప్లాస్టర్ పోసింది నేనే. ఆరిన తర్వాత ఆ పలువరుసలన్నిటినీ నా గదిలోనే, అద్దాల బీరువాలో, పైదవడా కిందిదవడా కలిపి నిలబెట్టాను. పెదవులు లేవు, బుగ్గలు లేవు, ఉత్త నోళ్ళు. మధ్యాహ్నం ఎండ వాటి మీద పడే వేళకి నేను అటు వీపు పెట్టి కూర్చునేదాన్ని.

వాటికి పేర్లు ఉండవు, నంబర్లే. ఏ నంబరు ఏ పిల్లదో రాసిన జాబితా డాక్టరమ్మ సొరుగులో తాళం వేసి ఉంటుంది. పేరు తెలిస్తే నా చూపు మారుతుందట. నా చూపు మీద శాస్త్రానికి అంత నమ్మకం లేకపోవడం చూస్తే ఒళ్ళు మండేది గానీ, పద్ధతి పద్ధతే.

నా పని చెప్పడానికి తేలిక. రక్తం కలిపి గడ్డకట్టించిన ఎర్రటి ప్లేటు మీద పుల్లను రుద్దాలి. ఆ ప్లేటును ఇంక్యుబేటర్లో, అంటే ఎప్పుడూ ఒంటి వేడి దగ్గర, ముప్పై ఏడు డిగ్రీల దగ్గర ఉండే పెట్టెలో పెట్టాలి. మర్నాడు తీసి చూస్తే కొన్నింటిలో తెల్లని చుక్కలు, వాటి చుట్టూ రక్తం కరిగిపోయి అద్దంలా మారిన గుండ్రాలు కనిపిస్తాయి. అది స్ట్రెప్ అనే సూక్ష్మజీవి. మామూలుగా నాలుగు రోజుల జ్వరం, గొంతునొప్పి ఇచ్చి పోతుంది. అశ్రద్ధ చేస్తే కొందరు పిల్లల్లో కీళ్ళూ గుండె కవాటాలూ దెబ్బతింటాయి. పది రోజుల మాత్రలతో ఆగిపోయే జబ్బు. ఆ పది రోజులూ ఎవరూ ఇవ్వకపోతే ఏమవుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

ప్లేట్లు బాగున్నాయో లేదో తెలుసుకోవడానికి ప్రతిసారీ చివర్లో, ముందే తెలిసిన స్ట్రెప్‌నొకదాన్ని పెంచి చూస్తాం. అది పెరిగితే ప్లేట్లు మంచివన్నట్టు. మా ల్యాబులో దాన్ని 'పాతది' అంటాం. గొట్టం మీద 'గొంతు-9' అని వెలిసిపోయిన అక్షరాలు. నాకు ముందు ఈ పని చేసిన మాస్టారు రిటైరైన రోజున తాళాలతో పాటు దాన్నీ నా చేతిలో పెట్టి, "ఏం పోయినా పర్వాలేదు గానీ, దీన్ని మాత్రం చావనివ్వకమ్మా" అన్నారు. చావనివ్వలేదు. వారం వారం కొత్త రక్తం పెట్టి మేపాను. ఇంట్లో కుండీల్లో మొక్కలకు నీళ్ళు పొయ్యడం మర్చిపోయేదాన్ని గానీ, పాతదాన్ని ఏనాడూ పస్తు ఉంచలేదు.

ఎనభై ఐదో నంబరు విడిగా, చిన్న కవరులో వచ్చింది. మిగతా గొట్టాల పనంతా ముగించి, పాతదాన్ని కూడా ప్లేటు మీద వేసేసి, చేతులు కడుక్కోబోతుంటే డాక్టరమ్మ తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఇదొకటి ఉండిపోయింది" అని మాత్రం అంది. మర్నాడు ఒక పలువరుస కూడా తెచ్చి, బీరువాలో ఎనభై నాలుగు పక్కన ఉంచింది. దాని అడుగున తెల్ల చీటీ, చీటీ మీద 85. ఆలస్యంగా చేరిన పిల్లయి ఉంటుందనుకున్నాను.

గొట్టంలోంచి పుల్ల తీస్తే అది ఎండిపోయి ఉంది. మిగతా పిల్లల పుల్లలు ఉమ్మితో తడితడిగా, ఒక్కోసారి తిన్న బిస్కెట్ పొడితో సహా వస్తాయి. ఇది మాత్రం ఇప్పుడే పొట్లంలోంచి తీసినట్టు పొడిగా ఉంది. జ్వరంతో నోరు ఎండిపోయిందేమో, పాపం ఎంత దాహంగా ఉందో అనిపించింది. ఎండిన పుల్లను రుద్దితే ప్లేటుకు ఏదీ అంటదు. బల్ల మీద తెరిచి ఉన్న గొట్టంలోంచి ఒక చుక్క సెలైన్ నీళ్ళు దాని మీద వేసి, తడిపి, ప్లేటు మీద తిప్పాను.

మర్నాడు ఆ ప్లేటు నిండా గుండ్రాలే. ఆ నెల ఎనభై నాలుగింటిలో తొమ్మిదింటికి స్ట్రెప్ ఉంది గానీ, ఇంత ఒత్తుగా ఏదీ లేదు. దీపానికి అడ్డం పెట్టి చూస్తే కరిగిన రక్తంలోంచి నా వేళ్ళు కనిపించాయి.

స్ట్రెప్ దొరికిన నంబర్లు రాసి పంపితే, డాక్టరమ్మ ఆ పిల్లలకు మాత్రలు మొదలుపెట్టి, పక్కన తేదీ వేసి కాగితం నాకు తిప్పి పంపాలి. అది నేను పట్టుబట్టి పెట్టించిన షరతు. ఆవిడ మారుమాట లేకుండా ఒప్పుకుంది. కాగితం తిరిగొచ్చింది. తొమ్మిది నంబర్ల పక్కనా తొమ్మిది తేదీలున్నాయి. ఎనభై ఐదు పక్కన ఖాళీ.

మూడో నెలా అంతే. కవరు విడిగా రావడం, పుల్ల ఎండిపోయి ఉండటం, నేను చుక్క నీళ్ళు వెయ్యడం, మర్నాటికి ప్లేటు నిండిపోవడం, కాగితంలో ఖాళీ. నాలుగో నెల కూడా అలాగే జరిగాక ఇక ఉండబట్టలేక ఆవిడ గదికి వెళ్ళాను.

"మేడమ్, ఎనభై ఐదుకి మాత్రలు ఇచ్చారా?"

"చూసుకుంటాను."

"మూడు సార్లు రాసి పంపాను. మూడు సార్లూ చూసుకుంటూనే ఉన్నారు. ఆ పిల్ల గొంతులో ఏముందో నేను కళ్ళారా చూస్తున్నాను."

ఆవిడ నా మొహం కాకుండా నా చేతుల వైపు చూసింది. "మీరు ప్లేట్లు ఎలా వేస్తున్నారో ఒకసారి నాకు చూపిస్తారా?"

నేను ఒంటికాలి మీద లేచాను. "పిల్లకి మందివ్వండి అంటే నా చేతులు చూస్తారేంటండీ? నా చేతులకి వచ్చిన జబ్బేం లేదు."

"కోప్పడకండి. ఇంకొక్క నెల చూద్దాం" అంది ఆవిడ నెమ్మదిగా.

ఇంకొక్క నెల. ఆ మాట నాకు పడదు. ఎందుకో చెప్పాలంటే మా అక్క సంగతి చెప్పాలి.

మా అక్కను ఇంట్లో పిచ్చుక అనేవాళ్ళం. తిండి అంతే, గొంతూ అంతే, ఒక చోట కూర్చోకపోవడమూ అంతే. దానికి తొమ్మిదేళ్ళు, నాకు ఆరు ఉన్నప్పుడు ఏదో పెద్దాసుపత్రి వాళ్ళు మా బడికి వచ్చి, దాని తరగతి పిల్లల పళ్ళూ గొంతులూ చూశారు. నోట్లో తియ్యటి ముద్ద పెట్టి కొరకమన్నారని, గొంతులో పుల్ల పెడితే కక్కొచ్చిందని ఇంటికొచ్చి గొప్పలు పోయింది. నా తరగతిని పిలవలేదని నేను ఏడ్చాను. వాళ్ళు నెలనెలా వచ్చారు. దాని గొంతునొప్పి కూడా నెలనెలా వచ్చింది. తర్వాత మోకాళ్ళు వాచాయి. ఆ తర్వాత మెట్లెక్కితే ఆయాసం. పదకొండో ఏట పోయింది. మా నాన్న తిరిగి తిరిగి కనుక్కుంటే తెలిసిందేమిటంటే, దాని గొంతులో స్ట్రెప్ ఉన్నట్టు వాళ్ళ కాగితాల్లో మొదటి నెలనుంచీ ఉంది. కానీ నంబరుకి పేరు కలిపే జాబితా పరిశోధన ముగిసేదాకా తెరవకూడదన్నది వాళ్ళ పద్ధతి. తెరిచేసరికి మా పిచ్చుక లేదు.

నేను ఈ ఉద్యోగంలోకి వచ్చింది అందుకే. వేరే ఏ గొప్ప కారణమూ లేదు. నా కళ్ళ ముందు ఇంకో పిల్ల నంబరుగా మిగిలిపోకూడదు, అంతే.

ఆ వారమంతా నాకు పని మీద మనసు నిలవలేదు. ఇంక్యుబేటర్ తలుపు తీస్తే వెచ్చని గాలి మొహానికి తగిలేది. రోజూ తగిలేదే, ఇప్పుడు మాత్రం ఎవరో దగ్గరగా వచ్చి ఊపిరి వదిలినట్టుండేది. బీరువా వైపు వీపు పెట్టి కూర్చోలేకపోయాను. తిరిగి కూర్చుంటే ఎనభై ఐదు నోళ్ళు నా వైపే తెరుచుకుని ఉండేవి. చివరి దాన్ని చేతిలోకి తీసుకుని చూశాను. మిగతావన్నీ సున్నంలా తెల్లగా ఉంటే ఇది పసుపు తిరిగి ఉంది. ప్లాస్టర్ వేరే రకమేమో అనుకున్నాను. పై ముందుపన్ను మూల ఏటవాలుగా విరిగింది. పక్కపన్ను దాని మీదికి ఒరిగింది. వెనక రెండు దంతాలు పిప్పి పట్టి గుంటలు పడ్డాయి. ఇన్ని గుర్తులున్న నోటిని గుంపులో కూడా పట్టుకోవచ్చు.

డాక్టరమ్మ జాబితా చూపించకపోతే మానె. పిల్లని నేనే వెతుక్కుంటాను.

ఒక పూట సెలవు పెట్టి, ఆ పలువరుసను సంచిలో వేసుకుని బడికి వెళ్ళాను. బ్రష్షులు ఎలా ఉన్నాయో చూసి రమ్మన్నారని టీచరుతో అబద్ధం చెప్పాను. ఆవిడ సంతోషంగా పిల్లలందర్నీ హాల్లో వరుసగా నిలబెట్టింది. గోడ మీద కొక్కేలకు ఎనభై నాలుగు బ్రష్షులు, కింద నంబర్లు. ఎనభై ఐదో కొక్కెం లేదు.

"అందరూ ఒకసారి పళ్ళన్నీ కనిపించేలా నవ్వండి" అన్నాను.

ఎనభై నాలుగు నోళ్ళు ఒక్కసారి తెరుచుకున్నాయి. వరుస వెంట నడుచుకుంటూ ఒక్కొక్కటే చూశాను. ఊడిన పళ్ళు, సగం వచ్చిన పళ్ళు, కొత్తగా సిమెంటు నింపిన పళ్ళు. విరిగిన మూలా, దాని మీదికి ఒరిగిన పన్నూ ఎక్కడా లేవు. లెక్క మళ్ళీ పెట్టాను. ఎనభై నాలుగే.

"ఎనభై ఐదో నంబరు ఎవరర్రా?"

నవ్వులు ఆగిపోయాయి. ముందు పళ్ళు రెండూ లేని ఒక చిన్నది చెయ్యి ఎత్తింది. "ఆ అమ్మాయి చివర్లో ఉంటుంది."

"ఏ అమ్మాయి? ఇవాళ వచ్చిందా?"

"రోజూ రాదు. డాక్టరాంటీ వచ్చినప్పుడే వస్తుంది. మాట్లాడదు. గొంతు నొప్పి కదా!"

"నువ్వు చూశావా?"

"కనపడదు" అంది అది, ఆ మాత్రం తెలీదా అన్నట్టు.

దాని పక్కనున్న బొద్దు పిల్లాడు ముందుకొచ్చాడు. "నేను చూశానాంటీ. అందరిదీ అయిపోయాక డాక్టరాంటీ ఆ కుర్చీ దగ్గర నించుంటుంది. కుర్చీలో ఎవరూ ఉండరు. పుల్ల బయటికి తీసి కాసేపు అలా పట్టుకుని, గొట్టంలో పెట్టేసి మూత వేస్తుంది."

టీచరు నవ్వేసింది. "వీళ్ళ మాటలు పట్టించుకోకండి. ఎప్పుడూ ఏదో ఒకటి అల్లుతుంటారు. ఆ కుర్చీలో ఇప్పుడు ఒక్కడూ కూర్చోడు, అంత బాగా అల్లారు."

కిటికీ పక్కన మామూలు చెక్క కుర్చీ. దాని చుట్టూ మాత్రం కొంత మేర నేల ఖాళీగా ఉంది. పిల్లలు తెలియకుండానే దానికి దారి వదిలి నిలబడ్డారు. ఆ పిల్లాడి మాట విన్నప్పుడే నాకు సంగతి తట్టాల్సింది. పందొమ్మిదేళ్ళ అనుభవం ఆ పూట ఎక్కడికి పోయిందో తెలియదు. నా బుర్రలో ఒక్కటే తిరుగుతోంది. ఖాళీ కుర్చీ గొంతులో స్ట్రెప్ పెరుగుతోంది. నేను వేసిన ప్లేటు, నా కళ్ళతో చూసిన గుండ్రాలు. ఎండలోనే నడిచి బస్సెక్కాను.

ఇంట్లో నేనూ అమ్మా ఉంటాం. అమ్మకు కళ్ళు మసకబారి మూడేళ్ళవుతోంది. వెలుతురూ, మనుషుల ఆకారాలూ తెలుస్తాయి, అంతే. మిగతాదంతా చేతులతోనే. సంచిలో అడుగున ఉన్న టిఫిన్ డబ్బా తియ్యడానికి ఆ పలువరుసను భోజనాల బల్ల మీద పెట్టి, డబ్బా కడగడానికి వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ తన సాయంత్రం మాత్రల కోసం బల్ల మీద తడుముకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు ఆగింది. తల తిప్పి చూశాను. అమ్మ నిలబడే ఉంది. కుడిచేతి చూపుడువేలు ఆ పళ్ళ మీద నెమ్మదిగా, ఎడమనుంచి కుడికి, లోపలి వైపునుంచి వెళుతోంది. ఒరిగిన పన్ను వెనక ఆగింది.

"దీని నోరు నీకెక్కడ దొరికిందే?" అంది.

"ఎవరి నోరమ్మా?"

"పిచ్చుకది."

నా చేతిలో డబ్బా తొట్టిలో పడింది. "అది బడి పిల్లదమ్మా. మా పరిశోధనది. నీకేదో అనిపిస్తోంది."

"నాకు అనిపించడమేంటి? బ్రష్షు పెడితే చిగుళ్ళు మంటని ఏడ్చేది. అయిదేళ్ళు ఈ వేలితోనే తోమాను దాని పళ్ళు. ఈ వంకర పన్ను వెనక వేలు ఇరుక్కునేది. ఇరుక్కుంటే కొరికేది, దొంగముండ." అమ్మ నవ్వుతోంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "అదిగో, ఈ మూల మెట్ల మీద పడి విరగ్గొట్టుకుంది. నువ్వే తోశావు."

నేనే తోశాను. ఆ సంగతి నాకూ అమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు.

"అమ్మా, దాని నంబరు నీకు గుర్తుందా?"

"ముప్పై ఒకటి. ఆ నంబరు రాసి చేతికి కట్టిన పట్టీ స్నానానికి కూడా తియ్యనిచ్చేది కాదుగా."

పలువరుసను తిప్పి, అడుగునున్న చీటీని గోటితో గీకాను. చీటీ కింద, ప్లాస్టర్లో చెక్కి ఉంది. 31. నేను దెయ్యాలని నమ్మను. ప్లేటు మీద పెరిగినదాన్నే నమ్ముతాను. పెరిగినదే ఇప్పుడు నా ముందు ఉంది. ఎప్పుడో పోయిన పిల్ల నోరు, నెలనెలా నా బల్ల మీదికి వస్తున్న దాని గొంతు.

మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మ బల్ల మీద ఆ పలువరుసను పెట్టి, "ఇది మా అక్క" అన్నాను. కూర్చోకుండానే అంతా చెప్పాను.

ఆవిడ లేచి తలుపు వేసి వచ్చింది.

"ఎనభై ఐదు పిల్ల కాదండీ. అదొక ఖాళీ పుల్ల. ఏ గొంతులోనూ పెట్టని పుల్ల. మీ ప్లేట్ల మీద ఏమీ పెరగకూడదు. పెరిగితే మన పనిలో ఎక్కడో కలుషితం జరుగుతున్నట్టు. ముందే చెప్తే పరీక్ష అవదు కాబట్టి మీకు చెప్పలేదు. నిజం పిల్లలా కనిపించాలని దానికో అచ్చు కూడా పెట్టాను. కింద స్టోరులో పాత పరిశోధనల పెట్టె ఒకటుంది. దాన్లోంచి తీశాను."

"ఎన్నున్నాయి ఆ పెట్టెలో?"

"ముప్పై నలభై ఉంటాయి."

"మరి ఇదే ఎందుకు తీశారు?"

"ఏమో. మూత తియ్యగానే పైన ఇదే ఉంది" అందావిడ. తర్వాత గొంతు తగ్గించి, "మీ అక్కదని నాకు తెలియదు. తెలిస్తే ముట్టుకునేదాన్ని కాదు" అంది.

పుల్ల ఖాళీదైతే ప్లేటు మీదికి స్ట్రెప్ ఎక్కడనుంచి వచ్చింది? ఆ ప్రశ్న ఆవిడ అడగలేదు. అడగక్కర్లేదు కూడా. నా బల్ల నా కళ్ళ ముందు కనిపించింది. ఎప్పుడూ వరుసలో చివరిది పాతదే. దాన్ని కాస్త తీసి సెలైన్ గొట్టంలో కలిపి, ఆ నీళ్ళతోనే ప్లేటు మీద వేస్తాను. దాని తర్వాత ఇంకేదీ ఉండేది కాదు కాబట్టి ఆ గొట్టం అలాగే తెరిచి ఉన్నా పందొమ్మిదేళ్ళలో ఏనాడూ నష్టం జరగలేదు. ఎనభై ఐదు దాని తర్వాత వచ్చింది. ఎవరి నోరూ తగలని పుల్ల గనక ఎండిపోయి వచ్చింది. దాహమేస్తోందేమో పాపం అని నేను చుక్క నీళ్ళు పోశాను. ఆ చుక్కలోనే ఉంది జబ్బు. నా చేత్తో నేనే పోశాను.

"తప్పు నాదే మేడమ్. పెరిగింది పాతది" అన్నాను. జీవితంలో మొదటిసారి పని గురించి ఆ మాట అన్నాను.

ఆవిడ స్టోరు తాళాలు తీసింది. "పాతది ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకు తెలుసా?" అని అడిగింది.

తెలియదు. మాస్టారూ చెప్పలేదు. ఇద్దరం స్టోరులోకి వెళ్ళాం. అచ్చుల పెట్టె పక్కనే ఒక లావుపాటి రిజిస్టరు ఉంది. అట్ట మీద ఉన్నది నేనూ అక్కా చదువుకున్న బడి పేరు. ఏ పెద్దాసుపత్రి అని మా నాన్న చెప్పలేదు, నేను అడగలేదు. పందొమ్మిదేళ్ళుగా రోజూ అదే గుమ్మంలోంచి లోపలికి వెళుతున్నానని నాకేం తెలుసు? డాక్టరమ్మ పేజీలు తిప్పి ఒక చోట వేలు ఆపి, చదవకుండా రిజిస్టరు నా వైపు తిప్పింది.

గొంతు-9. బడి పిల్లలు, నంబరు 31. బాలిక, తొమ్మిదేళ్ళు. చాలా బలంగా పెరిగింది. భద్రపరచదగినది.

భద్రపరిచారు. పిల్లని కాదు. ఆ ఒక్క వరుసలో పిల్ల సంగతి ఇంకేమీ లేదు. వారం వారం నేను కొత్త రక్తం పెట్టి, చలి తగలకుండా, పస్తు ఉంచకుండా పెంచినది మా పిచ్చుకని తినేసినదాన్నే. స్టోరులో నేల మీద కూలబడి ఏడ్చాను. డాక్టరమ్మ కూడా పక్కనే కూర్చుంది. ఏడుస్తున్నందుకు ఇద్దరిలో ఎవరమూ సిగ్గుపడలేదు.

"దీన్ని ఇంక ల్యాబులో ఉంచొద్దు. కొత్తది తెప్పిస్తాను" అందావిడ చివరికి. "కాల్చెయ్యడం మీకు కష్టమైతే నేను చేస్తాను."

"రెండు రోజులు ఆగండి" అన్నాను.

ఆ సాయంత్రం అమ్మ అడిగింది, నోరు సరే, మిగతా సంగతేమిటని. నాకు అబద్ధం అల్లే ఓపిక లేకపోయింది. చుక్క నీళ్ళ దగ్గరనుంచి రిజిస్టరు దాకా చెప్పేశాను. అమ్మ తిడుతుందనుకున్నాను. ఆ గొట్టాన్ని తగలబెట్టి రమ్మంటుందనుకున్నాను. చాలాసేపు చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ కూర్చుని, "ఇన్నేళ్ళూ బతికే ఉందా అది?" అంది.

"ఉందమ్మా."

"దాని గొంతులోంచి తీసిందే కదా."

"అదే చంపిందమ్మా దాన్ని."

"నాకు తెలుసులేవే. కానీ దాని ఒంట్లోంచి వచ్చింది ఇంకేముంది మన దగ్గర? రేపు నన్నొకసారి తీసుకెళ్ళు."

మర్నాడు మధ్యాహ్నం, భోజనాలకి అందరూ వెళ్ళిన వేళ, అమ్మను ల్యాబులోకి తీసుకొచ్చాను. బయటివాళ్ళని రానివ్వకూడదన్నది నేనే పదిమందికి పాఠాలు చెప్పిన నియమం. కుర్చీలో కూర్చోబెట్టి, చేతులకు తొడుగులు వేస్తుంటే, "వద్దే, తొడుగులుంటే నాకేం తెలుస్తుంది?" అంది. పాతదాని ప్లేటు చుట్టూ టేపు మూడు చుట్లు చుట్టి, ఇంక్యుబేటర్లోంచి అప్పుడే తీసి, అమ్మ అరచేతుల్లో పెట్టాను.

అమ్మ దాన్ని వాసన చూడబోయింది, నేను ఆపాను. చెవి దగ్గర పెట్టుకుంది, నేను ఊరుకున్నాను. తర్వాత ప్లేటును ఎడమచేతిలో పెట్టుకుని, కుడిచేతిని తిరగేసి, వేళ్ళ వెనక వైపు దాని మీద ఆనించింది. రెండున్నరేళ్ళు రోజుకి పదిసార్లు పిచ్చుక నుదుటి మీద ఆనించింది అలాగే. బీరువాలో ఎనభై నాలుగు నోళ్ళూ అమ్మ ఏమంటుందోనని చూస్తున్నట్టున్నాయి.

"ఇప్పుడు జ్వరం లేదే" అంది అమ్మ.

ఆ ఇంక్యుబేటర్‌ను మామూలు ఒంటి వేడి దగ్గర, ముప్పై ఏడు దగ్గర పెట్టింది నేనే. ఆ మాట నేను అనలేదు.

"లేదమ్మా" అన్నాను.

"తగ్గింది." ఇంకాసేపు చెయ్యి అలాగే ఉంచి, ప్లేటును నాకు తిరిగి ఇచ్చింది. "ఇంక దాన్ని పడుకోనీ."

ప్లేటునూ, ఫ్రీజరులో ఉన్న దాని గొట్టాలన్నిటినీ ఆటోక్లేవులో పెట్టాను. క్రిములేవీ మిగలకుండా ఆవిరితో ఉడికించే యంత్రం అది. మూత బిగించి మీట నొక్కితే నలభై నిమిషాలు పడుతుంది. ఆ నలభై నిమిషాలూ అమ్మా నేనూ దాని పక్కనే బల్ల మీద కూర్చున్నాం.